దఖలు తేదీకి పద్దెనిమిది రోజుల ముందు

ఫిబ్రవరి 20

పొద్దున ఏడో గాలిబావిలో జల్లెడలు దులిపి, పంకా బెల్టు బిగించి, చేతులు కూడా సరిగా కడుక్కోకుండా ఆఫీసుకెళ్లి రాజీనామా ఇచ్చేశాను. కాగితానికి గ్రీజు అంటింది. మా పై అధికారి భూపాల్ సారు ఆ మరక తనకు తగలకుండా అంచు పట్టుకొని చదివాడు.

“మార్చి ఇరవై దాకేనా?”

“అవును సార్. ఇరవై రెండుకు తలుపులు వేస్తారు గదా. ఆలోపల కొత్తగవి చేరుకోవాల.”

వేసవి తలుపులు ఒకసారి వేశాక జూలై పది వరకు రాతిపేట నుంచి ఎవరూ పైకి వెళ్లరు. పైన ఎండకు బండ్ల టైర్లు మెత్తబడిపోతాయి. పాత నాపరాయి గనుల్లో ఎనిమిది వేల మందిమి ఉంటున్నాం. తొమ్మిది గాలిబావులు ఆడుతున్నంత వరకే మా ఊపిరి. నలభై మంది మెకానిక్కుల్లో నేనొకదాన్ని.

కొత్తగవి మాలాంటిదే ఇంకో పాత గని ఊరు, అక్కడ ఆరు వందల మంది ఉన్నారు. వాళ్లకున్నది ఒకటే బావి. జనవరిలో కంపెనీ నన్ను అక్కడికి రిపేరుకు పంపింది. వాళ్ల మెకానిక్కు కళ్లు రాతిదుమ్ముకు పోయాయి. ఆయన చెవితోనే పంకా శబ్దం విని నాకు లోపం చెప్పాడు. నేను తిరిగొచ్చేటప్పుడు వాళ్ల కమిటీ పెద్ద మాబున్నీ అక్క “నువ్వే వచ్చెయ్యరాదూ” అంది. ఆ మాట వదల్లేదు నన్ను.

అయినా ఇన్నాళ్లూ ఆగింది చలువ ఖాతా కోసం. నెలనెలా మన జీతంలోంచి రెండు చలువ రోజులకు సరిపడా కోస్తారు, కంపెనీ ఇంకో రెండు రోజులు కలుపుతుంది. మనవి ఎప్పుడూ మనవే. కంపెనీ కలిపినవి మాత్రం ఐదేళ్ల సర్వీసు నిండాకే మనకు దఖలు పడతాయి. ఒక్క రోజు ముందు వెళ్లిపోయినా అన్నీ వెనక్కి పోతాయి. యాభై ఎనిమిది దాటాక, ఖాతాలో రోజులున్నంత కాలం వేసవిలో కొండ మీది చలువ ఇళ్లకు వెళ్లొచ్చు, తలుపులు వేసినా రాతిపేట నుంచి అక్కడికి లోపలి సొరంగం ఉంది. ఖాతా లెక్కలో ఒక వేసవి అంటే నూట ఇరవై రోజులు. రోజులైపోయిన వాళ్లు కిందే ఉండాలి. అరవై దాటిన వాళ్లు కింద వేసవిని తట్టుకోవడం తక్కువ.

ఐదేళ్లకు నావి ఒక వేసవి, కంపెనీవి ఒక వేసవి. ఫిబ్రవరి పద్నాలుగుతో ఐదేళ్లు నిండాయి. ఆ తేదీ దాటాక ఆరు రోజులు కూడా ఓపిక పట్టాను. నా జీవితంలో ఇదే మొదటిసారి. ఇంతకు ముందు నాలుగు ఉద్యోగాలు మారాను, ఒక్కచోటా కంపెనీ వాటా చేతికి రాలేదు, నా వాటా ఆఖరి జీతంతో పాటే తీసుకొని తినేశాను. ఒకచోట మూడు నెలలు ఆగితే వచ్చేది. ఫోర్‌మన్‌తో మాటామాటా పెరిగి, ఆ సాయంత్రమే మూట కట్టుకొని వచ్చేశాను. నాకు నలభై ఆరేళ్లు. పిల్లల్లేరు. ముసలితనానికి నాకున్నవి ఆ రోజులే.

ఫిబ్రవరి 24

ఖాతాల సెక్షన్ నుంచి కబురు. అక్కడ వకుళ గారని ఒకావిడ ఉంటుంది. సముద్రం ఊళ్లను మింగినప్పుడు తీరం నుంచి వచ్చినవాళ్ల కూతురు. మనిషి నెమ్మది.

“దస్తగిరమ్మగారూ, ఇలా కూర్చోండి,” అంది. అప్పుడే నాకు అర్థమైంది ఏదో తేడా ఉందని. అక్కడ ఎవరినీ కూర్చోమనరు.

కాగితం నా ముందు పెట్టింది. నా వాటా నూట ఇరవై రోజులు. కంపెనీ వాటా ఎదురుగా సున్నా.

“ఐదేళ్లు నిండినాయి గదమ్మా?”

“క్యాలెండర్ ప్రకారం నిండాయండి. సర్వీసు ప్రకారం యాభై రెండు రోజులు తక్కువున్నాయి. దుమ్ము జ్వరం వచ్చిన ఏడు మీరు కాంట్రాక్టరు జాబితాలో ఉన్నారు. ఆ రోజులు కంపెనీ సర్వీసు కాదంటున్నారు. మీ దఖలు తేదీ ఏప్రిల్ ఏడు.”

దుమ్ము జ్వరం నాటి సంగతి నాకు బాగా గుర్తు. మూడేళ్ల కిందట సగం ఊరు మంచం పట్టింది. కంపెనీ అందరికీ సెలవిచ్చింది. బావులు ఆగకూడదని పదకొండు మందిమి ముక్కుకు గుడ్డ కట్టుకొని దిగాం. సెలవులో ఉన్నవాళ్లను పనిలోకి దింపడానికి వీల్లేదని మమ్మల్ని కాగితం మీద ఒక కాంట్రాక్టరు కిందికి మార్చారు. సంతకం పెట్టమంటే పెట్టాం. ఏం రాసుందో ఎవరు చదివారు?

“ఇంట్లో పండుకున్నోళ్లకు?”

వకుళ గారు తల దించుకుంది. “వాళ్లది సెలవు కదండీ. సెలవు సర్వీసులోకే వస్తుంది.”

నాకు కోపం కూడా రాలేదు. లేచి మూడో బావి దాకా నడిచాను. అక్కడ నాకు పనేం లేదు. మళ్లీ వెనక్కి వచ్చాను.

ఫిబ్రవరి 25

ఆ పదకొండు మందిలో తిక్కస్వామి మామ ఒకడు. చుట్టం కాదు, ఈ గనుల ఆనుపానులు నేర్పినందుకు మామ అంటాను. నేనూ ఆయనా ఒకే రోజు చేరాం. అంతకు ముందు ముప్పై ఏళ్లు రాయి కొట్టాడు, అప్పట్లో ఖాతా అనే మాటే లేదు. మార్చి ముప్పై ఒకటికి ఆయనకు యాభై ఎనిమిది నిండుతాయి. ఆ రోజుతో ఉద్యోగం అయిపోతుంది. దఖలు తేదీ అంతకు ఏడు రోజుల తర్వాత.

ఎలా చెప్పాలో తెలియక జల్లెడ అటు పట్టుకో, ఇటు పట్టుకో అంటూ అరగంట గడిపాను. చివరికి ఆయనే అడిగాడు.

“ఏందిమే, పొద్దన్నుంచి కాలు గాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు?”

చెప్పాను. విని జల్లెడ కింద పెట్టాడు. వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

“అయితే నాకు రెండు ఎండాకాలాలు గాదు, ఒకటే.”

“అట్లనే అంటాండారు మామా.”

“నువ్వు రాజీనామా ఇయ్యకపోతే?”

“అప్పుడు నీకు ముప్పై ఒకటో తేదీన తెలిసేది.”

 ఆయన జల్లెడ ఎత్తుకొని, “పట్టు, పట్టు. దుమ్ము ఎక్కువుండాది,” అన్నాడు. జల్లెడ మాత్రం తిరగేసి పట్టుకున్నాడు.

మార్చి 2

భూపాల్ సారు పిలిపించాడు. చెడ్డ మనిషి కాదు. ఆయనకీ మనుషులు దొరకడం లేదు.

“రాజీనామా వెనక్కి తీసుకో. ఏప్రిల్ ఏడు దాటనీ. నీ వేసవి నీకొస్తుంది. తలుపులు తెరిచాక జూలైలో నీ ఇష్టం వచ్చిన చోటికి పో. నీకేం నష్టం?”

నిజమే. నాకేం నష్టం? బయటికొచ్చి ఫోను వరుసలో నిలబడ్డాను. రాతిపేట నుంచి కొత్తగవికి ఒకటే తీగ. నా వంతు రావడానికి గంట పట్టింది.

మాబున్నీ అక్కకు అంతా చెప్పి, “జూలైలో వస్తే అయితాదా అక్కా?” అన్నాను.

 అవతల ముందు పంకా శబ్దం వినిపించింది. ఆమె ఫోను బావి పక్కనే ఉంటుంది. శబ్దంలో ఒక గీరుడు, జనవరిలో లేనిది.

“నీ ఎండాకాలం పోగొట్టుకోమని నేను చెప్పలేను తల్లీ,” అంది అక్క. “వేరే మనిషి కోసం చూస్తాం. దొరకలేదనుకో, మా ముసిలాయన చెవులుండాయి, మా చేతులుండాయి.”

“అది ఎప్పటి నుంచి గీరుతాండాది?”

“నీకు ఆడికి వినపడతాందా?” అని ఆశ్చర్యపోయింది. “పది రోజులైంది.”

ఇంకో మాట అడగాలని గుర్తొచ్చింది. ఇన్ని ఉద్యోగాలు మారాను గానీ చేరక ముందు ఎక్కడా అడగలేదు. “మీ కమిటీ వాటా నాకెప్పుడు దఖలు పడతాది అక్కా?”

“వేసిన నెలే నీది. కానీ రెండు రోజులు ఎయ్యలేం. ఒక్కరోజే. మేము పేదోళ్లం.”

బేరింగు పోతోంది. వినగానే తెలిసింది. వేడి పెరిగాక ఎన్ని వారాలు ఆగుతుందో చెప్పలేను.

మార్చి 8

ఏ పనీ ముట్టబుద్ధి కావడం లేదు. అన్నం సగంలో వదిలేసి లేస్తున్నాను. బెల్టు బిగించానా లేదా అని రెండుసార్లు వెనక్కి వెళ్లి చూసుకుంటున్నాను.

వకుళ గారు క్యాంటీన్‌లో నా ఎదురుగా వచ్చి కూర్చుంది. టీ తాగుతూ, నా వైపు చూడకుండా మాట్లాడింది.

“కాంట్రాక్టరు పేరు ఉన్నంత మాత్రాన సరిపోదండి. ఆ రోజుల్లో మీకు పని చెప్పిందెవరు, మీ పని చూసి సంతకం పెట్టిందెవరు అన్నదే అసలు ప్రశ్న. కంపెనీ మనిషే అయితే అది కంపెనీ సర్వీసే. ఆ నిబంధన ఉంది. అడిగినవాళ్లు లేరు, అంతే.”

“మరి మీరు మొన్ననే చెప్పలేదేం?”

“మొన్న నాకూ తెలీదు. మీరు వెళ్లాక నిద్రపట్టలేదండి. నిబంధనల పుస్తకం మొదటి నుంచి చదివాను.” కప్పు కింద పెట్టింది. “రుజువు కావాలి. అంతకన్నా నేను చెప్పకూడదు.”

మార్చి 9

ప్రతి బావికీ ఒక దినచర్య పుస్తకం ఉంటుంది. ఎవరు దిగారు, ఏం చేశారు, పంకా వేడి ఎంత అని మెకానిక్కు రాయాలి, కంపెనీ ఇంజనీరు చూసి సంతకం చేయాలి. ఆ ఏటి పుస్తకాలు పాత గిడ్డంగిలో ఉన్నాయి. నేనూ తిక్కస్వామి మామా భోజన విరామంలో వెళ్లి వెతికాం. దుమ్ములో ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం.

దొరికింది. యాభై రెండు రోజులూ ఉన్నాయి. ఎక్కువ పేజీల్లో నా చేతిరాతే. ఒకచోట “తిక్కస్వామికి జ్వరం, అయినా దిగినాడు” అని రాశాను. ప్రతి పేజీ కింద ఒకటే సంతకం.

“ఎవరిది?” అన్నాడు మామ. ఆయనకు చదవడం రాదు.

“భూపాల్ సారుది. అప్పట్లో ఆయన బావుల ఇంజనీరు.”

మామ నవ్వలేదు, నేనూ నవ్వలేదు. కంపెనీకి వ్యతిరేకంగా కంపెనీ అధికారి సంతకమే సాక్ష్యం. పుస్తకం బయటికి తీసుకెళ్తే దొంగతనమవుతుంది. రేపటి నుంచి భోజనాలు మాని, పేజీ పేజీ కాపీ రాయాలి. 

మార్చి 14

కాపీలకు నాలుగు రోజులు పట్టింది, వకుళ గారు అసలుతో సరిచూసి ముద్ర వేసింది. పదకొండు మంది తరఫునా అర్జీ పెట్టాం. ఖాతాల తగవులు తీర్చే పంచాయతీ కూర్చునేది ఏప్రిల్ రెండున. అర్జీదారు స్వయంగా హాజరు కావాలట. లేకపోతే ఆ మనిషి అర్జీ కొట్టేస్తారు.

తలుపులు వేసేది మార్చి ఇరవై రెండున.

ఆ నోటీసును మూడుసార్లు చదివాను. తేదీలు మారతాయేమో అన్నట్టు.

మార్చి 18

రెండు రోజులుగా ఉండాలనుకుంటాను, గంట గడిస్తే వెళ్లాలనుకుంటాను. సామాను సర్దాను, విప్పాను, మళ్లీ సర్దాను. తిక్కస్వామి మామ గుమ్మంలో నిలబడి చూశాడు.

“ఉండిపోమే,” అన్నాడు. “రెండు వారాలు. నీ ఎండాకాలం నువ్వు తీసుకో. ఎవరేమంటారు?”

“కొత్తగవిలో బేరింగు పోతాండాది మామా.”

“అది వాళ్ల బేరింగు. నీ జీతం కంపెనీది.”

“వాళ్లకు వేరే మనిషి దొరకలేదు. మొన్న మళ్లీ ఫోన్ చేసినా. శబ్దం పెరిగింది.”

ఆయన గుమ్మంలోనే కూలబడ్డాడు. “నువ్వు వెళ్తే నా తరఫున మాట్లాడేదెవరు? నాకు చదువు రాదు. పంచాయతీలో వాళ్లు అడిగితే ఏం చెప్పాల?”

 నా వేసవి గురించే అనుకుంటున్నాను ఇన్నాళ్లూ. ఆయన భయం వేరే అని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రమంతా ఆయనకు ఒక్కో రోజూ చదివి వినిపించాను. ఆశ్చర్యం, ఆయనకు అన్నీ గుర్తున్నాయి. ఏ రోజు ఏ బెల్టు తెగింది, ఎవరు దగ్గి రక్తం కక్కారు, భూపాల్ సారు ఎన్ని గంటలకు వచ్చి ఏమని తిట్టాడు. నా రాతలో లేనివి కూడా.

“ఇదే చెప్పు మామా. నాకు చెప్పినట్టే చెప్పు.”

“అంతేనా?”

“అంతే.”

మార్చి 20

వెళ్తున్నాను. పొద్దున భూపాల్ సారు దగ్గరికి వెళ్లి తాళాలు అప్పజెప్పాను.

“ఇంకా పద్దెనిమిది రోజులు, దస్తగిరమ్మా. పద్దెనిమిది రోజుల కోసం నూట ఇరవై రోజులు వదులుకుంటున్నావు.”

“తెలుసు సార్. ఒకటి అడగాల. ఏప్రిల్ రెండున ఆ సంతకం మీదేనా అని అడుగుతారు. ఏం చెప్తారు?”

ఆయన తాళాలను సొరుగులో వేశాడు. సొరుగు మూశాడు. మళ్లీ తెరిచి, ఏదో వెతికినట్టు చేసి, మూశాడు. “బండికి టైమవుతోంది నీకు,” అన్నాడు.

తిక్కస్వామి మామ పై మెట్టు దాకా వచ్చాడు. ఎండకు ఇద్దరం కళ్లు తెరవలేకపోయాం.

మార్చి 23

కొత్తగవి. నిన్న ఇక్కడా తలుపులు వేశారు. ఊరంతా బావి దగ్గర నిలబడి నేను దిగడం చూసింది. బేరింగు నేననుకున్న దానికంటే ఘోరంగా ఉంది. కొత్తది లేదు. పాత రాయి కోసే యంత్రం నుంచి ఒకటి విప్పి, అరగదీసి సరిపెట్టాలి. కళ్లు పోయిన ముసలాయన పక్కన కూర్చొని, ఆకురాయి చప్పుడు విని “ఇంక కొంచెం... చాలు, చాలు” అంటున్నాడు.

ఏప్రిల్ 2

ఈ రోజు పంచాయతీ. మధ్యాహ్నం దాకా ఆకురాయి పట్టుకోలేకపోయాను. మాబున్నీ అక్క నన్ను ఫోను దగ్గర నుంచి రెండుసార్లు తరిమింది. తీగ మీద వేరే ఊరి వంతు నడుస్తోంది.

ఏప్రిల్ 3

వకుళ గారి గొంతు. “ఆ యాభై రెండు రోజులూ కంపెనీ సర్వీసే అని తీర్పు ఇచ్చారండి.”

గోడకానుకున్నాను.

“తిక్కస్వామిగారు గంటసేపు మాట్లాడారు. ఎవ్వరూ ఆపలేదు. తర్వాత భూపాల్ గారిని అడిగారు. ఆయన లేచి నిలబడి, సంతకం నాదే, పని చెప్పిందీ నేనే అన్నారు. అంతే, అయిపోయింది.”

“అందరికీ వచ్చిందా?”

“పది మందికి.” ఆమె గొంతు తగ్గింది. “మీరు హాజరు కాలేదని మీది కొట్టేశారు. తొంభై రోజుల్లో స్వయంగా వచ్చి మళ్లీ అడగొచ్చు అన్నారు. నేను లెక్క చూశాను. జూలై ఒకటికి గడువు తీరిపోతుంది.”

తలుపులు తెరిచేది పదిన. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. 

“మీరు రాసిన కాగితాలే లేకపోతే...” అంటుండగా తీగ తెగింది.

మాబున్నీ అక్క ఏమైందని అడిగితే, గెలిచాం అన్నాను. తర్వాత నీళ్ల గది వెనక్కి వెళ్లి ఏడ్చాను. నాది పోయినందుకా, మామది వచ్చినందుకా అంటే చెప్పలేను. ముఖం కడుక్కొని మళ్లీ ఆకురాయి పట్టుకున్నాను.

ఏప్రిల్ 11

పదకొండు గంటలకు పంకా ఆగింది. పైన యాభై నాలుగు డిగ్రీలు. పాత బేరింగు రెండుగా పగిలింది.

కొత్తది సిద్ధంగా ఉంది గానీ చివరిసారి అరగదీయడం మిగిలింది. జనాన్ని అడుగు గదుల్లోకి దింపి, ఎవరూ మాట్లాడవద్దని మాబున్నీ అక్క చెప్పింది. మాటకు కూడా గాలి ఖర్చవుతుంది. ఆరు వందల మంది అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. పసిపిల్లలు కూడా ఏడవలేదు, మగతలో పడిపోయారు. నా చెమట కళ్లలోకి కారుతుంటే ముసలాయన, అమ్మ కొంగుతో తుడిచినట్టు, తన తలగుడ్డతో తుడిచాడు. ఆయనకు కనపడదు, ఎలా తెలిసిందో.

రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. రెక్కలు కదిలాయి. ముందు వేడిగాలి, తర్వాత కొంచెం తక్కువ వేడి. కిందనుంచి ఎవరో దగ్గారు. ఆ తర్వాత అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు.

మాబున్నీ అక్క నా చేతులు పట్టుకుంది. బొబ్బలెక్కి ఉన్నాయని చూసి వదిలేసింది. “ఏప్రిల్ ఏడు దాకా ఆగి, జూలైలో వచ్చింటే...” అంటూ మిగతా మాట మింగేసింది.

నేను వంగి పనిముట్లు ఏరుకున్నాను.

మే 6

పొద్దున ఫోను. కొండ మీద నుంచట. నేను పరుగెత్తుకెళ్లాను.

“ఏమ్మే, దస్తగిరమ్మా! నేనే!” తిక్కస్వామి మామ అరుస్తున్నాడు. అంత దూరానికి అరిస్తేనే వినపడుతుందనుకున్నట్టున్నాడు.

“ఎట్లుండాది మామా కొండ?”

“ఎట్ల చెప్పాల నీకు? నిన్న పొద్దన్న లేచినానా, ఒళ్లంతా ఒకటే వణుకు. జ్వరమొచ్చిందనుకుంటి. నర్సమ్మను పిలిచి, తల్లీ, నాకు దుమ్ము జ్వరం తిరగబెట్టింది అంటి. ఆయమ్మ చెయ్యి పట్టుకొని చూసి నవ్వుతాది. జ్వరం గాదు తాతా, చలి అంటాది!”

“చలా?”

“చలిమే! మే నెలలో! దుప్పటి కావాల్నా అని అడిగింది. నా బతుకులో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. రెండు ఇయ్యి తల్లీ అంటి.”

ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వి నవ్వి దగ్గాడు. వచ్చే ఏడు కూడా వస్తాననీ, అప్పటికి దుప్పటి ఎలా కప్పుకోవాలో బాగా అలవాటవుతుందనీ అన్నాడు. తర్వాత గొంతు మారింది.

“నీది పోయిందంట గదా. వకుళమ్మ చెప్పింది.”

“పోనీలే మామా.”

“పోనీలే అంటే ఎట్ల? నాకు రెండుండాయి. నాదొకటి నీకు రాస్తానని అడిగినా. ఒకరి రోజులు ఇంకొకరికి రాయకూడదంట. దొంగ నాయాళ్లు.”

ఏదో అనబోయాను.  వంతు అయిపోయిందని అవతల ఎవరో చెప్పారు, తీగ మూగబోయింది.

ఫోను పెట్టి అక్కడే నిలబడ్డాను. కూర్చోలేకపోయాను, పడుకోలేకపోయాను. బావి దగ్గరికెళ్లి బేరింగు మీద చెయ్యి పెట్టి చూశాను. వేడి మామూలుగానే ఉంది. పంకా వెనక, మొదట గాలి దిగే చోట, ఎప్పుడూ కాస్త చల్లగా ఉంటుంది. ఎంతసేపో తెలియదు, ముసలాయన పిలిచేదాకా అక్కడే నిలబడి ఉన్నాను.